పేరున్న ర్యామ్, పేరులేని ర్యామ్

స్టూడియోల వాళ్లు ఫోన్ చేసి, "అక్కా, కంపెనీ ర్యామ్‌కు అంత పెట్టాల్నా, మామూలుది చాలదా?" అని అడిగినప్పుడల్లా నాకు ముఖం వేడెక్కుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను ఒక మనిషి పరువు తీశాను.

మాది జమ్మలమడుగు. ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ప్రొద్దుటూరు, పులివెందుల ఫొటోగ్రాఫర్లు ఫొటోలు పంపితే పేజీలు పేర్చి ఇస్తాను. ఫొటోల సైజు పెరిగేకొద్దీ కంప్యూటర్ నత్తనడక పట్టింది. ర్యామ్ పెంచమన్నారు. ర్యామ్ అంటే జానెడు కూడా లేని పచ్చటి పలక. మనం చేస్తున్న పనినంతా కంప్యూటర్ ఆ కాసేపూ దానిమీదే పరుచుకుంటుంది.

ప్రొద్దుటూరులో ఒక చిన్న షాపుకు పోయాను. షాపాయన బల్లమీద రెండు పెట్టాడు. ఒకటి కంపెనీ పేరున్న డబ్బాలో ఉంది, ఇంకొకటి ఉత్త ప్లాస్టిక్ కవర్లో. డబ్బాలోదాని ధర దాదాపు రెట్టింపు.

"తేడా ఏందన్నా?" అన్నాను.

"లోపలుండే చిప్పులు శానావరకు ఒగే మాదిరివక్కా. కంపెనీవాళ్లు గట్టిగా పరీక్ష చేసి డబ్బాలో పెడతారు. చెడిపోతే ఏండ్ల తరబడి మార్చిస్తారు. దీనికి ఏడాదే, అదీ నేనే ఇయ్యాల. నీ పనికి ఇది సాలు."

తక్కువదే తీసుకున్నాను. ఎండాకాలం పెళ్లిళ్లన్నీ దానితోనే గట్టెక్కాయి. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మా వైపు ట్రాక్టరు మొదలుకొని కూరగాయలు తరిగే కత్తి దాకా అన్నిటికీ బొట్లు పెడతాం. అన్నం పెట్టే కంప్యూటర్‌ను వదులుతానా? మా ఎండలకు సీపీయూ పక్క రేకు ఎప్పుడో ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా లోపలికి కొట్టేలా పెట్టుకున్నాను. ఆ రోజు దానికి పసుపు రాసి, దండిగా కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి హారతిచ్చాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

మూడోనాడు పులివెందుల పెళ్లి ఆల్బమ్ చేస్తుంటే తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆగింది. పొద్దుటి నుంచి చేసిన పేజీలన్నీ పోయాయి. అవతల ఫొటోగ్రాఫర్ గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. షాపాయనకు ఫోన్ చేస్తే, "సీపీయూ తీస్కరాక్కా, చూస్తా" అన్నాడు. చూసేదేముంది, చౌక సరుకు అంటగట్టాడని నేను అప్పటికే తేల్చేసుకున్నాను. ర్యామ్ ఒక్కటే పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.

షాపులో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముందే దాన్ని బల్లమీద కొట్టినట్టు పెట్టాను. "దుడ్లు తీసుకొని నకిలీ మాల్ ఇస్తావా? సిగ్గుండాదా నీకు?"

ఆయన దాన్ని తన కంప్యూటర్లో పెట్టాడు. అది చక్కగా పనిచేసింది.

"ఈడ నడుస్తాంది కదక్కా. ఒగసారి సీపీయూ..."

"నీకాడ నడుస్తాది, నాకాడ నడవదా? నేనేం పిచ్చిదాన్నా?"

మౌస్ బేరం చేస్తున్న ఒకాయన దాన్ని మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయాడు. షాపాయన ఆ వెళ్లే మనిషిని చూశాడు గానీ నన్ను చూడలేదు. ధరలో తేడా మాత్రం తీసుకుని కంపెనీ డబ్బా ఇచ్చాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తిరుగు బస్సులో, మూడు ఊళ్ల ఫొటోగ్రాఫర్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో షాపు ఆనవాళ్లతో సహా రాశాను: "అక్కడ నకిలీ ర్యామ్‌లు అమ్ముతున్నారు, జాగ్రత్త." ఇల్లు చేరేలోపు ఎంతమంది దండాలు పెట్టారో, ఎంతమంది ఆ మాటను ఇతర గ్రూపులకు పంపారో! నాకు భలే సంతోషంగా ఉండింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది.

కంపెనీ ర్యామ్ రెండు రోజులు బాగా నడిచింది. మూడోరోజు మళ్లీ అదే నీలం తెర.

తప్పు ర్యామ్‌ది కాకపోతే నేను రాసిన రాత ఏం కావాలి? ఆల్బమ్ సంగతి మరిచిపోయి ఆ రాత గురించే భయపడ్డాను. సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ప్రొద్దుటూరు పోయాను.

పదకొండు గంటలకు కూడా షాపులో ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను రాసింది చూశాడని ముఖం చూడగానే అర్థమైంది. దాని ఊసెత్తకుండా సీపీయూను బల్లమీద పడుకోబెట్టి, ర్యామ్ తీసి, అది కూర్చునే గాడిని పాత టూత్‌బ్రష్‌తో విదిలించాడు. కింద పరిచిన తెల్లకాగితం మీద ఎర్రగా రాలింది.

"ఏందక్కా ఇది?"

"కుంకుమ," అన్నాను. "ఆయుధపూజకు పెట్టినా."

"ఫ్యాన్ గాలికి లోపలికి పోయింటాది. గాడిలో పడితే ఏ ర్యామూ సరిగా అంటుకోదు." గాడిని శుభ్రంగా ఊది, ర్యామ్ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. ముందు నేను తిరిగిచ్చేసిన పాతదాన్ని పెట్టాడు, నడిచింది. తర్వాత కంపెనీది పెట్టాడు, అదీ నడిచింది. "రెండూ బాగుండాయి. ఏది కావాల్నో తీస్కో."

"నా మాటకు వ్యాపారం దెబ్బతినిందా అన్నా?"

"పులివెందుల వాళ్లు రావడంలే. చక్రాయపేట స్టూడియో ఆయన చెప్పిన ఆర్డర్ వద్దన్నాడు," అన్నాడు, స్క్రూ బిగిస్తూనే.

అక్కడే నిలబడి గ్రూపులో రాశాను. తప్పు నాదేననీ, కుంకుమ సంగతీ, ఆయన సరుకు మంచిదనీ దాచకుండా రాశాను. ఇద్దరు బొటనవేలు చూపించారు. దాన్ని ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఒకతను మాత్రం, "ఇంతకీ ఏ కంపెనీది మంచిదక్కా?" అని అడిగాడు.

ఇప్పుడు అడిగేవాళ్లకు ఉన్నమాటే చెబుతాను. నా పనిలో ఆ రెండిటికీ తేడా కనిపించలేదు. ఎక్కువ పెట్టేది ఏళ్ల తరబడి ఉండే గ్యారంటీకి. పని ఒక్కరోజు ఆగినా తట్టుకోలేని వాళ్లు కంపెనీదే కొనుక్కోవచ్చు. నమ్మకమైన షాపువాడు దొరికితే మిగతావాళ్లకు మామూలుది చాలు.

మొన్న వేసవిలో కీబోర్డు కోసం అదే షాపుకు పోయాను. కలమల్ల నుంచి వచ్చినాయన ఒకరు ర్యామ్ అడుగుతున్నాడు. బల్లమీద కంపెనీ డబ్బా ఒక్కటే ఉంది.

"ఇంత రేటా? తక్కువలో మంచిది లేదా అప్పా? నువ్వు బాగుంటాదంటే తీసుకుంటా."

షాపాయన నావైపు చూడలేదు. డబ్బాను ఆయన ముందుకు జరిపాడు.

"నా మాట మీద వద్దులే అప్పా. డబ్బా మీద పేరు చూసుకొని తీస్కో."