బజర్ మోగలేదని షిప్‌మెంట్ ఆపిన వసుధక్క

నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్తూ ట్రెయిన్‌లో ఉండగా నిత్య ఫోన్ చేసింది.

"ఆంటీ... అమ్మ ఈజ్ గాన్."

ఏ అమ్మ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

వసుధక్క. నిత్య వాళ్లమ్మ. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మొన్న ఆదివారమే మా ఇంట్లో టీ తాగి, చలికి చచ్చిపోతుంది లోపల పెట్టమని కరివేపాకు మొక్క గురించి నన్ను తిట్టి వెళ్లిన మనిషి.

నా స్టాప్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

అక్కది అనంతపురం. ఎంబెడెడ్ ఇంజనీర్, అంటే పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. ఇక్కడ కెనడాలో, వాటర్లూలో నా మొదటి ఉద్యోగంలో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. సర్క్యూట్ బోర్డు బూట్ అవుతుంటే, "ఉండమ్మా, లేస్తాండాడు వీడు" అనేది, పసివాణ్ణి లేపుతున్నట్టు.

అప్పుడు మేం చేస్తున్నది ఇంట్లో వాడే శ్వాస మానిటర్. పేషెంట్‌కు ఊపిరి అందకపోతే బజర్ మోగాలి. ఇంట్లోవాళ్లు పరుగెత్తుకు రావాలి.

షిప్‌మెంట్ రోజు బాక్సులు ప్యాక్ అవుతున్నాయి. టెస్టులన్నీ పాస్. అక్క మాత్రం చివరి సాఫ్ట్‌వేర్ ఎక్కించిన మానిటర్ ఒకటి ముందు పెట్టుకుని, ఊపిరి ఆగినట్టు సెన్సర్ పీకేసి, చేతులు కట్టుకు కూర్చుంది.

స్క్రీన్ మీద "అలారం ఆన్" అని వచ్చింది.

గదిలో చప్పుడు లేదు.

"నీకేమన్నా వినబడిందా?" అని నన్నడిగింది.

లేదన్నాను.

ఫైల్‌సిస్టమ్ తయారు చేసేటప్పుడు బజర్‌కు ఒక డివైస్ ఫైల్ సృష్టించాలి. ప్రోగ్రామ్ అందులోకి రాస్తే అది బజర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కు చేరి బజర్ మోగుతుంది. చివరి బిల్డ్‌లో ఆ ఫైల్ సృష్టించడం ఎవరో మరిచిపోయారు. దాంతో ప్రోగ్రామ్ అదే పేరుతో ఒక మామూలు ఫైల్ తయారు చేసుకుని, అందులో రాసుకుంటూ పోయింది. రాయడం ఆగలేదు కాబట్టి ఎర్రర్ రాలేదు. టెస్టు పాస్.

మా మేనేజర్ కూడా తెలుగాయనే. పరుగున వచ్చాడు.

"వసుధా, కస్టమర్ వెయిటింగ్. ఇప్పుడు పంపించేద్దాం, తర్వాత అప్‌డేట్ ఇద్దాం."

"ఆలోపల ఎవరింట్లోనన్నా ఇది మోగాల్సి వస్తే?"

"నీ కాంట్రాక్ట్ రెన్యూవల్ నా దగ్గరే ఉంది. తెలుసు కదా."

"తెలుసండీ. దీనికి మాత్రం నేను సైన్ చెయ్యను."

టేబుల్ కింద మాత్రం నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పటికి అక్కకు పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా రాలేదు. ఇంట్లో సంపాదన తనది ఒక్కటే.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. బాక్సులన్నీ విప్పి, డివైస్ ఫైల్ చేర్చి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాం. ప్రతి మానిటర్ దగ్గరా నిలబడి, అది మోగేదాకా అక్క కదల్లేదు. అందరి చెవులూ దిబ్బళ్లు పడ్డాయి.

కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు.

ఆ చలికాలమంతా మిస్సిసాగాలో దొరికిన చిన్న ఉద్యోగానికి 401 హైవే మీద మంచులో డ్రైవ్ చేసింది. భయం వెయ్యలేదా అక్కా అని ఒకసారి అడిగాను.

"ఏసింది. ఇప్పుడూ ఏస్తాంది. కానీ అది మోగలేదు కదమ్మా, ఏం చేసేది?"

నిన్న సాయంత్రం వాళ్లింట్లో నిత్యకు ఇదంతా చెప్పాను.

"షి టోల్డ్ మీ ఇట్ వాజ్ జస్ట్ లేఆఫ్స్, ఆంటీ."

ఇన్నేళ్లూ కూతురికి కూడా చెప్పుకోలేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. నిత్యకు తెలుగు చదవడం రాదు. రేపు పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివి వినిపిస్తాను.

వెళ్లిరా అక్కా. ఏ భయమూ లేని చోట నీ మనసు చల్లగా ఉండాలి.