నాచారం దాకా ఒడిలో విమానం

ఫోమ్ షీట్లపై నేనే గీతలు గీసి, కోసి, అతికించి తయారుచేసిన రిమోట్ విమానం అది. మొదటిసారి ఎగరేయడానికి తీసుకువెళ్తూ ఉప్పల్‌లో బస్సెక్కాను. సీటు దొరకలేదు. జనంలో రెక్క విరుగుతుందన్న భయంతో దాన్ని తలకంటే ఎత్తున పట్టుకుని నిలబడ్డాను.

"విమానానికి గూడ టికెట్ తీస్కుంటరా సార్?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. జీవితమంతా ఇతరులకు క్రమశిక్షణ బోధించిన నేను తలదించుకున్నాను.

కిటికీ పక్కన కూర్చున్న ఒక ఫ్యాక్టరీ కార్మికురాలు తన టిఫిన్ డబ్బాను కాళ్ల దగ్గర పెట్టి, చేతులు చాపింది.

"ఇటియ్యున్రి సార్, నేను పట్టుకుంట. ఎవరు జేసిన్రు?"

"మా మనవడు," అన్నాను. నాకు మనవలు లేరు.

ఆమె విమానాన్ని ఒడిలో పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా రెక్కల కింద అరచేతులు ఉంచి పైకెత్తింది. మీద పడబోయిన ఒకతన్ని "జర సూస్కో అన్నా, విరుగుతది" అని గద్దించింది.

నాచారంలో దిగే ముందు దాన్ని నా చేతుల్లో పెట్టి నవ్వింది. "మస్తు జేసిండు. సదువు పాడైతదని పిల్లగాణ్ని తిట్టకున్రి సార్. మిమ్మల్ని జూస్తె తిట్టేటట్టే ఉన్నరు."

"తిట్టను," అన్నాను.

ఆ సాయంత్రం విమానం మైదానం మీద చక్కగా ఎగిరింది. చూడటానికి ఆగిన ఒకాయన ఎవరు చేశారని అడిగితే, "నేనే" అన్నాను. ఆ మాట వినవలసిన మనిషి నాచారంలోనే దిగిపోయింది.