ప్రతులకు ఈ నంబరు

సొంతంగా పుస్తకం వేసుకునే వాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. రెండో పేజీలో 'ప్రతులకు' అని వేసి, దాని కింద నా ఫోన్ నంబరు అచ్చు వేయించాను. ఒక్క ఫోనూ రాలేదు. సభల్లో సంతకం పెట్టి ఊరికే ఇచ్చిన వాళ్లు కూడా చదవలేదు. రాయడం కన్నా చదివేవాళ్లను పట్టుకోవడమే కష్టమని తెలిశాక, సాయంత్రాలు యూనివర్సిటీ లైబ్రరీ ముందు చాప పరిచి కూర్చోవడం మొదలుపెట్టాను.

నిజానికి నాకు కావలసిన పాఠకురాలు ఒక్కతే, మల్కాజ్‌గిరిలో ఉండే మా వదిన. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అన్న ఆమెను బెల్టుతో కొట్టడం చూశాను. అడ్డం పోయినందుకు నన్నూ తన్ని వెళ్లగొడితే తార్నాకలో రూము తీసుకున్నాను. ఆ బెల్టునే కథ చేశాను. కథలో ఆమె చివరికి గడప దాటుతుంది. ఒక పెళ్లిలో ఆ పుస్తకం వదిన కొంగు కిందికి తోశాను. ఆమె ఫోను అన్న ఎప్పుడో పగలగొట్టాడు కాబట్టి, చదివిందో లేదో తెలిసే దారి లేదు.

ఒకరోజు ఫోన్ మోగింది. ఎవరో కుర్రాడి గొంతు.

"మేడం, మీ బుక్ కావాలె. యాడ దొరుకుతది?"

ఇన్నాళ్లకు ఒక పాఠకుడు! ఎగిరి గంతేసినంత పని చేశాను. లైబ్రరీ ముందే ఉంటానని చెప్పి, కొత్త కాపీ మీద సంతకం కూడా పెట్టి ఉంచాను.

వచ్చింది అన్న. ఆ కుర్రాడితో ఫోన్ చేయించింది వాడే. చేతిలో సగం చినిగిన నా పుస్తకం.

"ఇంట్ల ముచ్చట బజార్ల పెడ్తవానే?"

ఆ పుస్తకంతోనే మొహం మీద కొట్టాడు. పెదవి పగిలింది. జుట్టు పట్టి చాప మీంచి ఈడ్చాడు. కథలో ఎవరి పేరూ లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు. నేనూ ఊరుకోలేదు, అందిన చేతిని ఎముక తగిలేదాకా కొరికాను.

స్టూడెంట్లు పరుగెత్తుకొచ్చి వాణ్ని కింద పడేసి తన్నారు. ఆపమని నేను అనలేదు. ముక్కులోంచి రక్తం కారుతుంటే హాయిగా చూశాను, ఇప్పటికీ నాకు బాధ లేదు. ఎలాగో లేచి బండెక్కాడు.

"ఇంటికే పోతున్న. దాని సంగతి జూస్త!"

అప్పుడు తట్టింది. వాడు తిన్న దెబ్బలన్నీ ఇక వదిన వీపు మీదే పడతాయి.

మల్కాజ్‌గిరికి ఆటో కోసం గేటు వైపు ఉరుకుతుంటే మళ్లీ ఫోన్. తెలియని నంబరు. ఇంకో పాఠకుడని ఒళ్లు మండి, ఎత్తగానే బూతు తిట్టాను.

"నేనే," అంది వదిన. రొప్పుతోంది. "నీ బుక్కు చింపి సగం పట్కవోయిండు మీ అన్న. రోజూ బయట గడియ వెట్టి పోయెటోడు, ఇయ్యాల కోపంల వెయ్యలే. రైలెక్కి సీతాఫల్‌మండిల దిగిన. ఎవరిదో ఫోన్ అడుక్కొని చేస్తున్న. మిగిలిన సగంల నీ నంబరున్నది."

ఉరుకుతున్నదాన్ని గేటు దగ్గరే ఆగాను.

"గడప దాటినంక గామె యాడికి పోయిందో నువ్వు రాయలే," అంది. "నేను గీడిదాంక అయితే వచ్చిన. ఇప్పుడు ఎటు రావాలె?"