దానమ్మ మోకాళ్లు

దానమ్మ నోటికి జడిసి రేపల్లె చేలగట్ల మీద కూలీల మేస్త్రీలే పక్కకు తప్పుకునేవాళ్లు. అలాంటి మనిషిని 2005లో విషజ్వరం మంచాన పడేసింది. జ్వరమైతే తగ్గింది గానీ కాళ్లలో సత్తువ తిరిగి రాలేదు. అంతటితో పోతే బాగుండును, కోడలు శోభారాణి సేవ మొదలుపెట్టింది! కూర్చోబెట్టి స్నానం, నోటికి ముద్ద, దొడ్లోకి వెళ్లాలన్నా రెక్క పట్టుకోవడం. అత్త కాలు కింద పెట్టనివ్వని కోడలని చర్చిలో మెచ్చుకోని నోరు లేదు. ఆ మెప్పుతో శోభారాణి మురిసిపోతుంటే, ఇక్కడ దానమ్మ కాళ్లు పుల్లలయ్యాయి.

"ఆదివారం మీరు రావద్దులెండి అత్తయ్యా. పాస్టరుగారు ప్రభువు బల్ల ఇంటికే తెస్తారు" అంది శోభారాణి.

ఆ మాటకి అర్థమేమిటో దానమ్మకి తెలుసు. పీఠం ముందు మోకరించలేనివాళ్లకే రొట్టె, ద్రాక్షారసం ఇంటికొస్తాయి. అలా తెప్పించుకున్నవాళ్లెవరూ మళ్లీ చర్చి గడప తొక్కడం ఆమె చూడలేదు.

"అప్పుడే సాగనంపుతున్నావటే!" అని గ్లాసు విసిరికొట్టింది. ఆదివారం పాస్టరుగారిని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

కొడుకు జాన్ బాబుకి తల కొట్టేసినట్టయింది. ఆసుపత్రిలో అడిగి, తెనాలి నుంచి ఎజ్రా అనే ఫిజియోథెరపిస్టును పిలిపించాడు.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి మామ్మగారూ."

"నీ జిమ్మడ! లేవగలిగితే నువ్వెందుకురా?"

"తిట్టండి. తిడుతూనే లేవండి. ఇంతకీ మీకేం కావాలి?"

"మోకరించాలి. నా అంతట నేను లేవాలి."

"క్రిస్మస్‌కి లేద్దాం" అన్నాడతను. రోజూ గుడ్డు పెట్టమన్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేవమన్నాడు. తన కంచం తనే కడుక్కోవాలన్నాడు. శోభారాణి భగ్గుమంది.

"అత్త చేత అంట్లు తోమిస్తున్నానని ఊరు నా మొహాన ఉమ్మెయ్యదా?"

"ఉమ్మనివ్వండమ్మా. మీరు పట్టుకుంటుంటే ఆ కాళ్లకి బలమెలా వస్తుంది?"

వర్షాలు వెళ్లి చలి ముదిరేదాకా ఆ ఇంట్లో తిట్లే తిట్లు. దానమ్మ ఎజ్రాను తిట్టేది, కోడల్ని తిట్టేది, లేవని మోకాళ్లను మరీ తిట్టేది.

క్రిస్మస్ ఆరాధనలో పీఠం ముందు మోకరించి రొట్టె తీసుకుంది. లేవబోతే కాళ్లు వణికాయి. శోభారాణి పరుగున వచ్చి రెక్క పట్టుకుంది.

"వదలవే!"

చర్చి మొత్తం ఉలిక్కిపడింది. దానమ్మ తొడ మీద చెయ్యి ఊని, పళ్లు బిగించి, తనే లేచింది.

బయటికి రాగానే శోభారాణి భోరుమంది. "నలుగురిలో నా పరువు తీశారు! ఇక నన్ను మంచి కోడలని ఎవరంటారు?"

"నువ్వు మంచిదానివనిపించుకోడానికి నేను చావాలటే?" అంది దానమ్మ, ఎవరినీ పట్టుకోకుండా మెట్లు దిగుతూ.