ఎడమచేతి రంపం

ఆ హోసూరు వడ్రంగిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొట్టుకు ఎవరు వచ్చినా చేతిలోని పనిముట్టు కింద పెట్టిగానీ మాట్లాడేవాడు కాదు, మర్యాద అనుకున్నాను.

తొంభైల్లో నేను పోటీల్లో రైఫిలు కాల్చేదాన్ని. పొరలు అతికించి చేసిన దాని చెక్కపిడి బరువు తగ్గించమని ఆయనకిచ్చి, నాది ఎడమచేతి వాటమని మూడుసార్లు చెప్పాను. బరువైతే తగ్గించాడు. చెంప ఆనే చోటును మాత్రం కుడిచేతివాళ్ళకు తగ్గట్టు చెక్కేశాడు.

“ఎవరు చెప్పినారప్పా ఇట్ల చెయ్యమని?”

“ఆడబిడ్డకు ఎడమచెయ్యి అచ్చిరాదమ్మా. నీ మంచికే చేసినాను.”

పోయిన చెక్క మళ్ళీ రాదు. రెండు రోజుల్లో కృష్ణగిరిలో పోటీ. రైఫిలు లాక్కుని బయటికొచ్చాను.

మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వెళ్తే, ఆయన ఎడమచేత్తో పలక కోస్తున్నాడు. నన్ను చూడగానే రంపం కింద పెట్టేశాడు.