మక్ఖీకి పూసిన మసి

1974 మార్చిలో నన్ను పాతబస్తీలోని ఒక సాయుధ పోలీసు కంపెనీకి ఆర్మరర్‌గా పోస్టు చేశారు. హోదా హెడ్ కానిస్టేబుల్. ఆర్మరర్ అంటే ఆయుధాల మెకానిక్కు అనుకోండి. కంపెనీ తుపాకులన్నీ కోత్‌లో, అంటే ఇనుప తలుపుల ఆయుధాల గదిలో, ఉంటాయి. వాటిని బాగుచేయడం, ఏడాదికోసారి జరిగే ఫైరింగుకు ముందు ప్రతి రైఫిల్‌నూ ‘జీరో’ చేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టడం నా పని. నా సంతకం ఉందంటే ఆ రైఫిల్ గురి చూసిన చోటే కొడుతుందని అర్థం. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. సంతకం కాస్త పెద్దగానే పెట్టేవాణ్ని.

జీరో చేయడమంటే ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. మావి దుర్భిణీ లేని పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లు. గొట్టం కొనన చిన్న ఇనుప పలక ఒకటి నిలబడి ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు ఫోర్‌సైట్. ఈగలా వాలి ఉంటుంది కనుక మా లైన్లలో అందరూ మక్ఖీ అనేవారు. కంటి దగ్గరున్న గాడి నడుమ మక్ఖీ నిలవాలి, మక్ఖీ కొన మీద టార్గెట్ నిలవాలి. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే చోట గురిపెట్టి ఐదు గుండ్లు కాల్చాలి. ఒక్క గుండును చూసి ఏదీ తేల్చకూడదు, ఐదింటికీ నడిమి చోటు చూడాలి. అది ఎడమకు పోతే మక్ఖీని మర బిగింపుతో ఎడమకే జరపాలి, కుడికి పోతే కుడికే. కొత్తవాళ్లకు ఇది తిరకాసుగా తోస్తుంది గానీ, తప్పు ఎటు పోతే మక్ఖీని అటే తోలాలి.

ఈ విద్యంతా నాకు నేర్పింది ఖాదర్ సాబ్. నాకంటే ముందు ఆ కోత్ ఆయన చేతిలోనే ఉండేది. నేను చేరిన నెలకే రిటైరై యాకుత్‌పురా స్టేషన్ వెనక తన ఇంటి ముందుగదిలో కిరోసిన్ స్టవ్వులు బాగుచేస్తూ కూర్చున్నారు. ఆ ఒక్క నెలలో ఆయన చెప్పినవాటిలో సగం నేను పాతకాలపు చాదస్తం కింద జమకట్టాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇక నర్సింహ సంగతి. ఎనిమిదేళ్ల సర్వీసున్న కానిస్టేబుల్. మా కంపెనీలో అంత శుభ్రమైన మనిషి లేడు. గుండీలు, బెల్టు బిళ్ల ఇత్తడి పాలిష్‌తో రుద్ది రుద్ది వాటిలో మొహం చూసుకునేవాడు. ఆయుధాల తనిఖీ రోజున అతని రైఫిల్ తీసి చూస్తే కొస నుంచి మడమ దాకా ధగధగలాడింది. అందరి ముందూ శభాష్ అన్నాను, మిగతావాళ్లను కూడా అట్లా ఉంచమన్నాను. ఈ కథలో మొదటి తప్పు ఆ శభాషే.

కంచన్‌బాగ్ దాటాక గుట్టల నడుమ ఉన్న రేంజిలో ఫైరింగు మొదలైంది. ఎండ కళ్లల్లో పడకుండా రేంజిని ఉత్తరం వైపు మొహం పెట్టి కడతారు. రైఫిళ్లన్నీ నేను ఉదయం పూట జీరో చేశాను. నర్సింహ రైఫిల్ కొద్దిగా ఎడమకు కొడితే మక్ఖీని ఎడమకు జరిపాను. తరవాతి ఐదు గుండ్లూ నడిమిలో పడ్డాయి. సంతకం పెట్టాను. నర్సింహకు పగలు గార్డు డ్యూటీ ఉండటంతో సాయంత్రం బ్యాచ్‌లో కాల్చాడు, తప్పాడు. రెండో అవకాశం కూడా సాయంత్రమే ఇచ్చారు, మళ్లీ తప్పాడు. టార్గెట్ దగ్గరి గుంతలోంచి ఎర్రజెండా అడ్డంగా ఊగితే గుండు తగల్లేదని లెక్క. అతని వంతుకు ఆ జెండా ఆగకుండా ఊగింది.

అతను నా దగ్గరికొచ్చి రైఫిల్‌లోనే ఏదో ఉందన్నాడు. మర్నాడు ఉదయం నేనే ఐదు గుండ్లు కాల్చి చూశాను. అన్నీ నడిమిలోనే. ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో అని పదిమందిలో నవ్వుతూ అన్నాను.

మా ఇన్‌స్పెక్టర్ నిబంధనల మనిషి. రెండుసార్లు తప్పినవాడి కళ్లను అనుమానించాలి కనుక సోమవారం మెడికల్ బోర్డుకు పంపుతూ కాగితం తయారు చేయించారు. బోర్డు చూపు చాలదని రాస్తే నర్సింహ ఆయుధాల డ్యూటీకి పనికిరాడు. హెడ్ కానిస్టేబుల్ ట్రైనింగు జాబితాలో ఆ ఏడాదే అతని పేరు వచ్చింది, అదీ పోతుంది.

శుక్రవారం డ్యూటీ దిగాక ఇద్దరం యాకుత్‌పురా దాకా కలిసి నడిచాం. స్టేషన్ దగ్గర గూడ్సు బండి ఒకటి వస్తోంది. నర్సింహ ఆగి, “చూడన్నా” అని దూరంగా ఉన్న డబ్బాల మీది నంబర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. నాకు డబ్బాలే సరిగా ఆనడం లేదు. బండి దగ్గరికొచ్చాక సరిచూస్తే ఒక్క అంకె తప్పు లేదు.

“నా కండ్లకు ఏమైందన్నా? నువ్వే చెప్పు” అన్నాడు. “బోర్డుకు పోవుడు నాకు ఫికర్ లేదు. కానీ రేపు జాబితల నా పేరు కొట్టేస్తే ఇంట్ల ఏం చెప్పాలె?”

అతన్ని వెంటబెట్టుకుని తిన్నగా ఖాదర్ సాబ్ ఇంటికి పోయాను.

ఆయన ఒక స్టవ్వు పిన్నుతో కుస్తీ పడుతూనే అంతా విన్నారు. గుండ్లు ఎక్కడ పడ్డాయని నర్సింహనే అడిగారు. కుడి పక్కకు, టార్గెట్ అంచు అవతల, అన్నీ దగ్గర దగ్గరే పడ్డాయని, వెనక మట్టికట్టలో దుమ్ము లేచిన చోటు చూశానని నర్సింహ చెప్పాడు. ఆ సంగతి నేను అడగనే లేదు. జెండా ఊగడం చూశానంతే.

“దగ్గర దగ్గరనా? అయితే కండ్లు కావు” అన్నారు ఖాదర్ సాబ్. “కండ్లు ఖరాబైనోడు నలుదిక్కులా కొడతడు.” తరవాత నావైపు తిరిగి, నేను ఏ పూట జీరో చేశానో, ఇతను ఏ పూట కాల్చాడో అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు నర్సింహ చొక్కా వైపు చూశారు.

“యాదగిరీ, ఈయన గుండీలు చూస్తివా? గిట్ల మెరిపిచ్చేటోడు మక్ఖీని ఇడుస్తడా బేటా?”

నర్సింహ మొహం వాడిపోయింది. మక్ఖీని కూడా పాలిష్‌తో రుద్దుతానని మెల్లగా చెప్పాడు. నా శభాష్ నాకు గుర్తొచ్చింది.

సంగతి ఇది. నల్లగా ఉండాల్సిన మక్ఖీ మెరిస్తే ఎండ పడిన వైపే కంటికి కనబడుతుంది. కన్ను ఆ మెరిసే అంచునే మక్ఖీ అనుకుని దాన్నే గాడి నడుమ నిలుపుతుంది. దాంతో గొట్టం అవతలి పక్కకు తిరిగి, గుండు ఎండ లేని వైపుకు పోతుంది. ఉదయం తూర్పు ఎండ కుడినుంచి పడి గుండ్లు ఎడమకు పోయాయి. అది రైఫిల్ తప్పనుకుని, గుండ్లు కుడికి రావాలని నేను మక్ఖీని ఎడమకు జరిపాను. సాయంత్రం ఎండ ఎడమకు మారింది, గుండ్లు కుడికి పోయాయి. నేను చేసిన సవరణ వాటిని ఇంకాస్త కుడికి తోసింది. గురిపెట్టే ముందు మక్ఖీకి దీపం మసి పట్టించమని ఖాదర్ సాబ్ నాకు మొదటి వారంలోనే చెప్పారు. నేను చాదస్తమనుకున్నవాటిలో అదొకటి. ఆయన ఆ మాట ఎత్తి నన్ను దెప్పలేదు. చాయ్ తాగించి పంపారు.

శనివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి, తప్పు కానిస్టేబుల్‌ది కాదు, నాది అని చెప్పాను. జీరో రిజిస్టర్ తెప్పించి సంతకం ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. అంత పెద్ద సంతకాన్ని కాదనడం కుదరదు కూడా. నాకు సంజాయిషీ మెమో రాయించి, ఆ సాయంత్రమే రేంజికి అనుమతిచ్చి, చూడటానికి తానూ వచ్చారు.

మసి పట్టించక ముందు నేను ఐదు కాల్చాను. అన్నీ కుడి అంచు అవతల. నర్సింహ ఇంటినుంచి తెచ్చిన కిరోసిన్ బుడ్డి వెలిగించి, ఖాళీ రైఫిల్ మక్ఖీకి పొగ పట్టించాను. ఇత్తడిలా మెరిసే పలక బొగ్గులా నల్లబడింది. మళ్లీ ఐదు. ఈసారి సగం దారి వెనక్కి వచ్చాయి. మిగిలిన సగం నా సవరణది. మక్ఖీని కుడికి, మొదట ఉన్న గీత దాకా జరిపాను. ఐదూ నడిమిలో పడ్డాయి. తరవాత రైఫిల్‌ను నర్సింహకు ఇచ్చాను. అతను పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే కాల్చాడు. ఎర్రజెండా ఒక్కసారి కూడా లేవలేదు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి బోర్డు కాగితం తీసి అడ్డంగా చింపేశారు.

నర్సింహ లేచి మోచేతుల మట్టి దులుపుకోకుండానే నా దగ్గరికొచ్చాడు. జీవితంలో అతను దుమ్ముతో నిలబడటం అదొక్కసారే చూశాను. “అన్నా, ఇగ మక్ఖీని ముట్టుకుంటె ఒట్టు” అన్నాడు. జాబితాలో పేరు నిలిచింది, ఆ ఏడాదే ట్రైనింగుకు పోయాడు. పదిమందిలో నేనన్న మాటను అతను ఎప్పుడూ తిరిగి అనలేదు. ఆ మంచితనానికీ, దెప్పకుండా చాయ్ పోసిన ఉస్తాద్‌కూ ఈనాటికీ కృతజ్ఞుణ్ని.

నేనిచ్చిన సంజాయిషీకి జవాబుగా హెచ్చరిక వచ్చింది, నా సర్వీసు పుస్తకంలో అలాగే ఉంది. ఆ తరవాత నా రిజిస్టర్‌లో రెండు గళ్లు ఎక్కువ గీసుకున్నాను. జీరో చేసిన వేళ ఒకటి, ఎండ పడిన వైపు ఒకటి. మనిషి ఏ పూట కాలుస్తాడో ఆ పూటే, మక్ఖీ నల్లగా ఉంటేనే జీరో చేశాను. గుండ్లన్నీ ఒక్కచోట పడుతుంటే మనిషిని అనుమానించే ముందు రైఫిల్ చూశాను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను డ్యూటీలో మళ్లీ ఎవరి మీదా వాడలేదు. మద్దెలను చూసిపెట్టడమే నా ఉద్యోగం.