జాగ్రత్తన్న ప్రార్థన మనవి

మా బావను మా చర్చి సంఘంలో అందరూ జాగ్రత్తన్న అంటారు. చాటున కాదు, మొహం మీదే. ఎవరు కనిపించినా "బాగున్నారా" అనడానికి బదులు "జాగ్రత్త" అంటాడు. మెట్లు దిగేవాళ్ళకు జాగ్రత్త, వేడి టీ తాగేవాళ్ళకు జాగ్రత్త, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకూ జాగ్రత్తే. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు మా అక్క వైపు కన్నెత్తి చూడకముందే మా తలుపు గడియ వైపు చూశాడు. మర వదులైందని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బిగించి, అప్పుడు కూర్చున్నాడు. అక్క మనసు ఆ గడియతోపాటే బిగుసుకుపోయిందని నేను ఇప్పటికీ ఏడిపిస్తుంటాను.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. వాక్యం చెప్పడం అయ్యాక ఎవరికి ఏ అక్కర ఉన్నా లేచి చెప్పుకోవచ్చు. పాస్టరుగారు అవన్నీ గుర్తుపెట్టుకుని ప్రార్థనలో ఒక్కొక్కటీ పైకి చెప్తారు. ఒక్కోదానికీ సంఘమంతా ఆమేన్ అంటుంది. చిన్న మనవి అని వదిలెయ్యడం ఉండదు. ఇంతకుముందు ఉన్న ముసలి పాస్టరుగారు పెట్టిన నియమం అది.

బావ లేవని ఆదివారం లేదు. వీధి చివర గోడ ఒరిగింది, దాని పక్కనే పిల్లలు ఆడుతున్నారు. ఎదురింటి తాతకు చూపు ఆనడం లేదు, అయినా ఒక్కడే రోడ్డు దాటుతున్నాడు. మాంసం కొట్టు దగ్గర కుక్క నడక తేడాగా ఉంది. ఇలాంటివే ఆయన మనవులు. ఆయన లేస్తున్నాడంటేనే కుర్రకారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. పాస్టరుగారు మాత్రం గోడనూ తాతనూ కుక్కనూ వరసగా దేవుడికి అప్పజెప్పేవారు. మేమందరం ఆమేన్ అనేవాళ్ళం.

బావ పని తాళాలు బాగుచెయ్యడం, తాళంచెవులు కొయ్యడం. ఒక పెద్ద మేడ కింద, మెట్ల పక్కనున్న ఇరుకు గది ఆయన కొట్టు. గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, బల్ల మీద చెవులు బిగించి పట్టే పట్టుడు చట్రం, ఇనప రజను, నూనె సీసా. తాళం పడిపోయి వీధిలో నిలబడ్డవాళ్ళు ఎవరొచ్చి పిలిచినా చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాడు. లేనివాళ్ళయితే ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఎందుకని అక్క నిలదీస్తే, లోపల పొయ్యి మీద ఏమైనా పెట్టి ఉంటారేమోనని భయమేసింది అనేవాడు. కాగితాలు ఏరుకునే ఆయనకు తన భోజనం డబ్బా రోజూ సగం ఇచ్చేవాడు. అదీ భయమేనట. ఆకలికి కళ్ళు తిరిగి బస్సు కింద పడితే? భయం అన్న మాటే గానీ, దయ అన్న మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

ఆ మేడ రెండో అంతస్తులోనే నేను పనిచేసే కుట్టుపని షెడ్డు. మేడా షెడ్డూ రెండూ మా సంఘ పెద్దగారివే. మంచివాడని పేరు. నిజంగానే మంచివాడు. మందిరం పైకప్పు ఆయన వేయించిందే, మా నెత్తిన తిరిగే పంకాలు ఆయన ఇచ్చినవే. చలికాలంలో ముసలివాళ్ళకు దుప్పట్లు తానే కప్పేవాడు. పాస్టరుగారి ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో చెప్పనక్కర్లేదు.

షెడ్డులో గుడ్డ ముక్కలు పోతున్నాయని, ఆడవాళ్ళు పని మధ్యలో కిందికి దిగిపోతున్నారని సూపర్‌వైజర్ ఆయన చెవిన వేశాడు. కొన్నాళ్ళకు ముందువైపు తలుపుకు బయట కొత్త గడియ, ఇత్తడి తాళం వచ్చాయి. పొద్దున మేం లోపలికి వెళ్ళగానే వాచ్‌మన్ తాళం వేసి, చెవి జేబులో వేసుకుని కిందికి పోయేవాడు. కిటికీలకు ఇనప చువ్వలు. అప్పటిదాకా మేం వాడిన వెనక మెట్లవైపు తలుపు ఉంది గానీ దానికి అడ్డంగా కప్పు దాకా బట్టల మూటలు. మొదట్లో మేమూ జోకులేసుకున్నాం, బంగారం కుడుతున్నాం కాబోలు అని. తర్వాత ఎవరికీ జోకులు రాలేదు. తాళం పడిన చప్పుడు వినగానే నాకు దాహం వేసేది. ఒంట్లో నీళ్ళన్నీ ఆ చప్పుడే పీల్చేసినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర కాలిన వాసన వచ్చింది. వైరు మాడి, పక్కనున్న దూది అట్టలకు నిప్పంటుకుంది. ఇస్త్రీ చేసే అక్క ప్లగ్గు పీకేసి చేత్తోనే అట్టలు కింద పడేసింది. మంట పెద్దదేం కాదు, పొగే. నల్లగా, జిగటగా కప్పు కింద చేరి మెల్లగా కిందికి దిగసాగింది. అందరం తలుపు మీద పడ్డాం. అరిచాం, బాదాం. కింద వినేవాడెవరు? బావ ఎవరి తాళమో తియ్యడానికి పోయాడు. వాచ్‌మన్ టీకి పోయాడు. తాళంచెవి ఆయనతోపాటే పోయింది. నిండు చూలాలు ఒకామె కిటికీ చువ్వల మధ్య ముక్కు పెట్టి గాలి పీల్చుకుంటుంటే, వెనక నుంచి ఇంకొకామె ఆమె చీర పట్టుకుని తననూ రానివ్వమని ఏడ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాగే నీళ్ళ కుండలన్నీ గుమ్మరిస్తే నిప్పు చల్లారింది. ఎంతసేపటికో వాచ్‌మన్ వచ్చి తలుపు తీసి, ఏంటీ గోల అన్నాడు. సూపర్‌వైజర్ నేల తుడిపించి, మళ్ళీ కూర్చోమన్నాడు. మళ్ళీ తాళం పడింది.

నేనుండేది అక్కావాళ్ళతోనే. ఇంటికొచ్చి చెప్తుంటే బావ నన్ను మధ్యలో ఆపి, ఏ తాళం అని అడిగాడు. పెద్దది, ఇత్తడిది అన్నాను.

"అడుగున ఆకురాయితో గీసిన చిన్న గీత ఉందా?"

ఉంది. రోజూ చూస్తున్నదే. బావ తాను బిగించిన ప్రతి తాళం మీదా ఆ గీత పెడతాడు.  సరుకు గదికని చెప్పి సూపర్‌వైజర్ ఆయన చేతే బిగింపించాడట. మేం అప్పటిదాకా వెనక మెట్లవైపు తలుపునే వాడేవాళ్ళం కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. అక్కకు విషయం అర్థమై, కొట్టు కూడా వాళ్ళదే కదండీ అంది నెమ్మదిగా. నేనైతే సూటిగానే చెప్పాను, నోరు మెదపొద్దని. నా పని పోతే ఇంకో షెడ్డులో ఎవరిస్తారు?

మర్నాడు బావ పెద్దగారి దగ్గరికి వెళ్ళాడు.  అసలు సంగతి చెప్పేలోపు బల్ల ముందు నిలబడి పెద్దగారి గదికున్న తాళం గురించి, కిటికీ గొళ్ళెం గురించి ఏదేదో మాట్లాడాడట. ఆఖరికి ఎలాగో కక్కేశాడు. పెద్దగారు కోప్పడలేదు. లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు అన్నిటికీ భయమే కదయ్యా. అంత భయంగా ఉంటే ప్రార్థన చెయ్యి. ప్రార్థనను మించింది ఏముంది?"

బావ ఆ మాటను మాటగానే తీసుకున్నాడు. ఆయనకు వేరేలా తీసుకోవడం రాదు.

ఆదివారం దాకా గడిచిన రోజులు నాకు గుర్తు చేసుకోవాలని లేదు. షెడ్డులో ఎవరు తుమ్మినా అందరం ఇస్త్రీ బల్ల వైపు చూసేవాళ్ళం. దారం కాలకపోయినా కాలిన వాసన వచ్చేది. కిటికీలోంచి చూస్తే బావ కొట్టు వదిలేసి అవతలి పేవ్‌మెంటు మీద నిలబడి, చేతిలో నూనె గుడ్డతో, మా చువ్వల వైపే చూస్తుండేవాడు. పొమ్మని సైగ చేస్తే కదిలేవాడు కాదు.

ఆదివారం మనవుల వేళకు ఎవరో జ్వరం గురించి చెప్పారు, ఎవరో పరీక్షల గురించి. బావ లేచాడు. కుర్రాళ్ళు అలవాటుగా చేతులు నోటిదాకా తీసుకెళ్ళారు. పెద్దగారు ముందు వరసలో, పంకా కింద ఉన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. 

"కుట్టుపని షెడ్డులో ఆడవాళ్ళ కోసమండీ," అన్నాడు బావ.  "వాళ్ళను లోపల పెట్టి బయట తాళం వేస్తున్నారు. ఆ తాళం నేను బిగించిందే. మొన్న పొగొచ్చింది. ఈసారి నిప్పంటుకుంటే వాళ్ళు బయటికి రాలేరు. అంటుకోకూడదని ప్రార్థన చెయ్యండి. నాకు చాలా భయంగా ఉంది."

కూర్చున్నాడు. నోటిదాకా వెళ్ళిన చేతులు అక్కడే ఆగిపోయాయి.  పెద్దగారి మెడ వెనక భాగం ఎర్రబడడం నాకు కనిపించింది. నేనెక్కడ పని చేస్తానో అందరికీ తెలుసు. నేల రెండుగా చీలితే బాగుండుననుకున్నాను.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. జ్వరం వచ్చింది, ఆమేన్ అన్నాం. పరీక్షలు వచ్చాయి, ఆమేన్ అన్నాం. ప్రయాణంలో ఉన్నవాళ్ళు, బాలింతలు, వానలు కూడా వచ్చాయి. తర్వాత ఆయన గొంతు ముగింపులోకి దిగింది. బావ మనవి రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఊపిరి తేలికపడింది. వదిలేశారు, గండం గడిచింది అనుకున్నాను. ఇంతలో బెంచీ కిర్రుమంది. బావ మళ్ళీ లేచాడు. రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకుంటే ఆ వణుకుకు బెంచీ కూడా కదిలింది.

"అయ్యగారూ, నాదొకటి మిగిలిపోయిందండీ."

ఎదిరించినట్టు అనలేదు. కొట్టులో మర్చిపోయిన గొడుగు గురించి చెప్పినట్టు అన్నాడు. పాస్టరుగారు కళ్ళు తెరిచి ఆయన వైపు చూశారు, తర్వాత పైన పంకా వైపు చూశారు. ఆ చూపులో నేను చూసింది కూడా భయమే. అద్దె ఇల్లు, చదువుకునే పిల్లలు ఆయనకూ ఉన్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. తాళం వెనక కూర్చుని కుట్టే మా ఆడబిడ్డల మీద నిప్పు పడనివ్వకు ప్రభువా అన్నారు. అక్కడితో ఆగుతారనుకుంటే ఆగలేదు. ఆ తలుపు తెరిచే మనసు తెరవాల్సినవాళ్ళకు ఇయ్యి అన్నారు. 

ఆమేన్ రాలేదు. ఒక్కరూ అనలేదు. అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.  పక్కన అక్క అంది, చిన్నగా. దాంతో నాకూ వచ్చేసింది, ఏడుపుతో కలిసి. వెనక నుంచి ఇస్త్రీ అక్క అంది. ఆ తర్వాత మందిరమంతా అంది. ఆ ఆమేన్‌కు నా ఒళ్ళు ఝల్లుమంది.

సోమవారం మెట్లెక్కాం. అందరం పనులు పోయాయనే అనుకున్నాం. తలుపు బార్లా తెరిచి ఉంది. గడియ ఊడబెరికేశారు, మరల చిల్లులు మాత్రం చెక్కలో కనిపిస్తున్నాయి. వెనక తలుపు ముందు మూటలు లేవు. ఎప్పటిలాగే మిషన్ల ముందు కూర్చున్నాం.

సాయంత్రం వాచ్‌మన్ బావ దగ్గరికొచ్చి గది ఖాళీ చెయ్యమన్నాడు. కారణం చెప్పలేదు, ఈయనా అడగలేదు. తాళంచెవులన్నీ గోనెసంచిలో పోసుకుని, వెళ్ళేముందు ఆ గది తాళంలో నూనె వేసి, సాఫీగా తిరుగుతోందా లేదా అని చూసి మరీ అప్పజెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నూనె సీసా వాచ్‌మన్ నెత్తిన బోర్లించకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

అప్పటినుంచి ఆయన కొట్టు అవతలి పేవ్‌మెంటే. ఒక పెట్టె, పైన ప్లాస్టిక్ పట్టా. బేరాలు తగ్గాయి. అక్క కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగింది. కాగితాలు ఏరుకునే ఆయన మాత్రం వేళకు వస్తూనే ఉన్నాడు, డబ్బాలో సగం ఆయనకు పోతూనే ఉంది. మేం పని దిగే వేళకు బావ చేతిలో ఆకురాయి పక్కన పెట్టి మెట్ల వైపు చూస్తాడు. ఆఖరి మనిషి రోడ్డు మీదికి వచ్చేదాకా చూసి, అప్పుడు పెట్టె మూస్తాడు.

చాలా నెలల తర్వాత ఒక సాయంత్రం నేను పక్కనుండగా పెద్దగారి కారు అక్కడ ఆగింది. అద్దం దిగింది.

"ఇన్నాళ్ళయింది. ఏమైనా జరిగిందా? నిప్పూ లేదు, ఏమీ లేదు. పదిమందిలో నన్ను తల దించుకునేలా చేశావు."

బావ లేచి నిలబడ్డాడు. 

"ఏమీ జరగలేదండీ," అన్నాడు. "నేను అడిగింది అదేనండీ."

 అద్దం పైకెళ్ళింది. కారు కదులుతుంటే బావ వెనకే నాలుగడుగులు పరిగెత్తి, వెనక చక్రంలో గాలి తక్కువగా ఉందండీ, జాగ్రత్త అని అరిచాడు. వినిపించిందో లేదో, కారు ఆగలేదు.

ఆ ఆదివారం మనవుల వేళ బావ లేచాడు. పెద్దగారి కారు వెనక చక్రం సరిగా లేదని, దారిలో ఆయనకు ఏమీ కాకూడదని, తనకు భయంగా ఉందని చెప్పాడు. పాస్టరుగారు వదిలిపెట్టకుండా దాన్నీ ప్రార్థనలో పెట్టారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను మాత్రం చచ్చినా అనకూడదని పళ్ళు బిగించి కూర్చున్నాను. బావ తల వంచి, నా ఒక్కదాని కోసమే ఆగినట్టు, ఇంకా కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. చివరికి అన్నాను.